జేన్ ఎయిర్ జీతం ఏమైంది?

నవల సినిమాగా వచ్చినప్పుడల్లా మన విమర్శకులు ఒకే ప్రశ్న అడుగుతారు: మూలానికి న్యాయం జరిగిందా, లేదా? ఈ ప్రశ్న అవసరమే గాని అదొక్కటే చాలదు. మూలంలోంచి ఏది వుంచుకున్నారు, ఏది వదిలేశారు, వదిలెయ్యడం వల్ల ఏ భావజాలానికి బలం చేకూరింది అని కూడా అడగాలి. షార్లట్ బ్రాంటీ నవల 'జేన్ ఎయిర్' (1847) తెరకెక్కిన తీరు ఈ పరిశీలనకు బాగా అక్కరకొస్తుంది.

పాత భవంతి, తాళం వేసిన గది, అర్ధరాత్రి వినిపించే నవ్వు, యజమాని దాచిన రహస్యం. ఇంగ్లీషువాళ్లు గోథిక్ అనే నవలకు కావలసిన సరంజామా అంతా ఇందులో వుంది. అయితే బ్రాంటీ ఆ సరంజామాను జీతానికి పనిచేసే ఒక ఆడపిల్ల కథ చెప్పడానికి వాడుకుంది. జేన్ అనాథ. లోవుడ్ బడిలో ఏడాదికి 15 పౌండ్లకు పాఠాలు చెప్పింది. పత్రికలో తానే ప్రకటన వేసుకుని, 30 పౌండ్ల జీతం మీద థార్న్‌ఫీల్డ్ భవనంలో ఒక చిన్నపిల్లకు పంతులమ్మగా చేరింది. యజమాని రాచెస్టర్, ఆమె ప్రేమించుకున్నారు. అతని భార్య బెర్తా మతి చలించి పై అంతస్తులో బందీగా వుందని సరిగ్గా పెళ్లివేళకు బయటపడింది. జేన్ ఇల్లు విడిచింది. ఆకలితో అలమటించి, చివరికి ఒక పల్లెటూరి బడిలో కుదురుకుంది. తండ్రి తోడబుట్టినవాడి ఆస్తి 20 వేల పౌండ్లు చేతికొస్తే, మేనత్త పిల్లలు ముగ్గురితో సమంగా పంచుకుంది. తన వాటా 5 వేలతో, ఎవరి దయా అక్కర్లేని మనిషిగా, చూపు పోయిన రాచెస్టర్ దగ్గరికి తిరిగి వచ్చింది. ఈ అంకెలు కథకు అలంకారాలు కావు. జేన్ నోటితో కోరిన సమానత్వానికి ఆర్థిక పునాది అవే.

ఇప్పుడు సినిమాలు చూద్దాం. రాబర్ట్ స్టీవెన్సన్ 1943లో తీసిన హాలీవుడ్ చిత్రంలో ఆర్సన్ వెల్స్, జోన్ ఫాంటేన్ నటించారు. పొగమంచు, నీడలు, వెల్స్ కంఠం ప్రేక్షకుణ్ణి కట్టిపడేస్తాయి. కాని పల్లెటూరి బడి లేదు, మేనత్త పిల్లలు లేరు, వారసత్వం లేదు. జేన్ పిలుపు విని వెళ్లిపోయిన చోటికే వట్టి చేతులతో తిరిగి వస్తుంది. నవలలో స్వతంత్రురాలి నిర్ణయమైనది, ఇక్కడ ప్రేమకు లొంగుబాటు అయింది.

ఆర్. సి. తల్వార్ హిందీలో తీసిన 'సంగ్‌దిల్' (1952)లో దిలీప్ కుమార్, మధుబాల నాయికా నాయకులు. సజ్జాద్ హుస్సేన్ సంగీతం నేటికీ వినదగ్గది. అయితే ఇందులో జేన్ పంతులమ్మ కాదు, పూజారిణి. నాయకుడు ఆమెకు చిన్ననాటి తోడు. ఈ మార్పు చిన్నదేమీ కాదు. పనిమనిషికీ యజమానికీ మధ్య వున్న వైరుధ్యం, భక్తికీ ప్రేమకూ మధ్య సంఘర్షణగా మారిపోయింది. జీతగత్తె హక్కు అడగగలదు. పూజారిణి త్యాగం మాత్రమే చెయ్యగలదు.

తమిళంలో జి. ఎస్. మణి తీసిన 'శాంతి నిలయం' (1969) పంతులమ్మను పంతులమ్మగా వుంచింది. మన తెలుగు నటి కాంచన, జెమినీ గణేశన్ నటించారు. మన 'మాయాబజార్'కు వెన్నెల వెలిగించిన మార్కస్ బార్ట్లీ ఈ చిత్రానికి ఛాయాగ్రహణంలో జాతీయ బహుమతి అందుకున్నాడు. ఇక్కడ పాటలదీ పిల్లల సందడిదీ పైచేయి అయింది. ఉద్యోగం మిగిలింది గాని, ఆ ఉద్యోగంలోని అభద్రత మరుగున పడింది.

మా ఆత్రేయపురంలో ఆడవాళ్లు బోర్లించిన కుండ మీద పూతరేకులు తీస్తారు. తినేవాడికి తీపి తెలుస్తుంది గాని, కుండ కింది సెగ తెలియదు. ఈ సినిమాలు కూడా మనకు తీపినే అందిస్తున్నాయి.

రెండు గంటల సినిమాలో నవలంతా పట్టదు గదా అనవచ్చు. నిజమే. కాని కాలిపోయే భవంతికి చోటు దొరికినప్పుడు, జీతానికీ వాటాకూ దొరకకపోవడం యాదృచ్ఛికం కాదు. కేరీ ఫుకునాగా చిత్రం (2011) రెండు గంటల్లోనే ఆ పని చేసింది. జేన్ ఇల్లు విడిచి పారిపోవడంతో కథ మొదలుపెట్టి, పల్లెటూరి బడినీ వారసత్వపు పంపకాన్నీ కూడా చూపించింది. కాబట్టి అడ్డు నిడివి కాదు, దృక్పథం.

అలాగని నవలను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. బెర్తా జమైకా వలస వ్యాపారి కూతురు. 30 వేల పౌండ్లు తెచ్చింది. మన భాషలో కట్నం. బానిసల చెమటతో పండిన సీమ నుంచి వచ్చిన ఆ డబ్బు మాట చెప్పిన బ్రాంటీయే, దాన్ని తెచ్చిన మనిషిని మాత్రం మృగంలా చిత్రించింది. ఈ లోపాన్ని సరిదిద్దడానికి మరో రచయిత్రి పూనుకోవలసి వచ్చింది. కరీబియన్ దీవుల్లో పుట్టిన జీన్ రీస్ 'వైడ్ సర్గాసో సీ' (1966)లో బెర్తాకు గొంతు ఇచ్చింది. మూలాన్ని తు.చ. తప్పకుండా అనుసరించే సినిమా ఈ అన్యాయాన్ని కూడా అనుసరిస్తుంది. మూలవిధేయత ఒక్కటే కొలబద్ద కాకూడదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఈ చర్చ మనకెందుకు? కోడూరి కౌసల్యాదేవి 'ప్రేమనగర్'ను కె. ఎస్. ప్రకాశరావు 1971లో తెలుగులోనూ, 1972లో 'వసంత మాళిగై'గా తమిళంలోనూ, 1974లో హిందీలోనూ తీశాడు. అది బ్రాంటీ కథ కాదు. పిచ్చి భార్యా లేదు. కాని జమీందారీ భవనం, తాగుడుకు బానిసైన యజమాని, జీతానికి చేరిన సెక్రటరీ, ఆమె మీద దొంగతనం నింద, ఆమె గడప దాటడం - పోలికలు కళ్లకు కట్టినట్టు వున్నాయి. జమీందారీలను రద్దుచేసిన మద్రాసు చట్టం 1948లో వచ్చింది. 23 ఏళ్ల తర్వాత కూడా తెర మీద జమీందారు మనసు విరిగితే హాలు హాలంతా కంటతడి పెట్టింది. లత ఆత్మాభిమానం గలదే. అయినా ఆమె వెళ్లిపోయాక ఆమె ఎలా బతికిందన్నది కథకు ముఖ్యం కాలేదు. అతడు ఎలా కుమిలిపోయాడన్నదే ముఖ్యమైంది. మూడు భాషల్లో తారలు మారారు, ఈ తూకం మారలేదు.

మన రచయితలు భవంతులను, రహస్యాలను, ప్రేమలను నిషేధించుకోనక్కర్లేదు. బ్రాంటీ వాటితోనే గొప్ప నవల రాసింది. అయితే నాయిక గడప దాటిన మర్నాడు ఆమెకు అన్నం ఎక్కడిదో కథ చెప్పాలి. దర్శకుడు ఆ పేజీ చింపేస్తే, చింపేశాడని చెప్పడం విమర్శకుడి పని.