నాలుగు గోడల్లో ఏ గోడకి?

నందిగామలో మేడమీద గది కట్టించుకున్న మా మేనల్లుడు మొన్న ఫోన్ చేసి, "మావయ్యా, వాల్‌పేపర్ నాలుగు గోడలకీ వేయించెయ్యనా?" అని అడిగాడు. గది పది బై పన్నెండు. ఒక గోడకి బీరువా, ఒక గోడకి కిటికీ, ఇంకో గోడకి రెండు తలుపులు. "ఇంక కాగితం కనపడేది ఎక్కడరా?" అన్నాను. "పోనీ, ఎంత వెయ్యమంటావ్?" అన్నాడు.

అడగవలసిన ప్రశ్నే. ఈమధ్య మా జగ్గయ్యపేటలో ఏ గృహప్రవేశానికి వెళ్లినా హాల్లో టీవీ వెనక ఇటుకల డిజైను, పడగ్గదిలో అరచేయంత గులాబీలు, పిల్లల గదిలో మబ్బులు. ఏ కాగితం వెయ్యాలో ఇంటిల్లిపాదీ కూర్చుని వారం రోజులు వాదించుకుంటారు. ఎంత వెయ్యాలో మాత్రం షాపువాడికి వదిలేస్తారు. షాపువాడు తక్కువ చెప్పడు కదా!

ఎంత చాలు అనేదానికి మన ఊళ్లోనే రెండు వేల ఏళ్ల నాటి జవాబుంది. ధనం బోడు గుట్ట మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. స్తూపం చుట్టూ నిలబెట్టిన పలకల్లో చాలా వాటి మీద బొమ్మల్లేవు. పలక అంచున సన్నటి స్తంభం చెక్కి, దాని తలమీద ఒక జంతువును కూర్చోబెట్టి, తక్కిన రాయంతా నున్నగా వదిలేశారు. పూర్తిగా బొమ్మలు చెక్కిన పలకలు కొద్ది. వాటిలో పేరుపడ్డది మాంధాత చక్రవర్తి పలక. ఇప్పుడది చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. చక్రవర్తి కుడిచెయ్యి పైకెత్తాడు, మబ్బుల్లోంచి నాణేలు కురుస్తున్నాయి. పక్కన రాణి, యువరాజు, మంత్రి, ఏనుగు, గుర్రం, చక్రం, మణి. ఇంతమంది ఉన్నా ఇరుకు లేదు. మనిషికీ మనిషికీ మధ్య రాయిని రాయిగానే వదిలాడు శిల్పి. ఆ ఖాళీ ఉండబట్టే నాణేలు పడుతున్నట్టు కనపడతాయి. తర్వాతి కాలపు అమరావతి పలకల్లో సూది మోపే సందుండదు. గొప్ప పనే, కాదనను. అయితే దాని ముందు నిలబడితే కన్నుకి ఎక్కడ ఆగాలో తెలియదు. నా ఓటు మా ఊరి పలకకే. ఊరి అభిమానం అనుకుంటే అనుకోండి.

మా ఊరి స్తూపం తూర్పు వాకిట ఆయక స్తంభాలనే అయిదు రాతి స్తంభాలు నిలబెట్టించింది సిద్ధార్థుడనే పనివాడని శాసనం చెబుతోంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో. అంటే పని తెలిసినవాడే ఖర్చు పెట్టాడు, ఏ వైపు పెట్టిందీ రాయించాడు.

మన గదికీ ముందు తేలాల్సింది వైపే. తలుపు తీయగానే కన్ను ఏ గోడ మీద పడుతుందో ఆ గోడకే కాగితం. పడగ్గదిలో అయితే మంచం తలవైపు గోడ. లోపలికి వచ్చేవాళ్లకి అది కనపడుతుంది, పడుకున్నవాడికి కనపడదు కాబట్టి మొహం మొత్తదు. ఎదురుగోడకి పెద్ద పూలు వేయించుకున్నవాళ్లు జ్వరమొచ్చి రెండు రోజులు మంచాన పడితే తెలుస్తుంది, ఆ పూలను లెక్కపెడుతూ పడుకోవడం ఎలా ఉంటుందో.

ఇక డబ్బు లెక్క. మామూలు రోల్ 21 అంగుళాల వెడల్పు, 33 అడుగుల పొడవు, అంటే 57 చదరపు అడుగులు చిల్లర. మావాడి తలవైపు గోడ పన్నెండు అడుగుల పొడవు, పదిన్నర ఎత్తు, 126 చదరపు అడుగులు. 57తో భాగిస్తే మూడు రోల్స్ సరిపోతాయని ఎవరైనా అంటారు. సాదా కాగితమైతే నిజమే. పూల డిజైనైతే పట్టీకీ పట్టీకీ పువ్వు కలవాలి. పువ్వు ప్రతి 21 అంగుళాలకీ తిరిగొచ్చే రకం అనుకోండి. పదిన్నర అడుగులంటే 126 అంగుళాలు, పైనా కిందా కోతకి మరో నాలుగు కలిపితే 130. డిజైను కలవాలంటే పట్టీ 147 అంగుళాలు తియ్యాలి. అప్పుడు రోల్‌కి మూడు పట్టీలు రావు, రెండే వస్తాయి. గోడకి ఏడు పట్టీలు కావాలి కాబట్టి నాలుగు రోల్స్. ప్రతి రోల్ చివరా ఎనిమిదిన్నర అడుగుల ముక్క మిగిలిపోతుంది, దాన్ని ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు. ఇదే లెక్కన నాలుగు గోడలకీ, తలుపులూ కిటికీలూ తీసెయ్యకుండా చూస్తే, పదమూడు రోల్స్! బీరువా వెనక అతికించడానికి అందులో ఎన్ని పోతాయో చూసుకోండి.

మన పాత ఇళ్లలో గోడ కింది మూరెడు జాజు పూసి, పైన సున్నం కొట్టేవాళ్లు. పిల్లల కాళ్లు, వానచినుకుల బురద, ఆనుకుని కూర్చునేవాళ్ల వీపులు, మరకలన్నీ జాజు మీదే పడేవి. ఇంగ్లండులో విక్టోరియా రాణి కాలంలోనూ గోడను కింద, నడుమ, పైన అని మూడు భాగాలు చేసి వేరువేరు కాగితాలు అంటించేవాళ్లు. కింది భాగానికి గట్టి రకం వేసేది కుర్చీల దెబ్బలకే. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇప్పటికీ ఆ పాత పద్ధతే మేలు. కింద మూడడుగులు కడగడానికి వీలైన పెయింటు, కాగితం ఆ పైన.

సున్నానికున్న సౌకర్యం కాగితానికి లేదు. సంక్రాంతి ముందు మళ్లీ ఒక చెయ్యి వేస్తే గోడ కొత్తదయ్యేది. పెనుగంచిప్రోలు గుళ్లోని తిరుపతమ్మ అమ్మవారి విగ్రహాలే రెండేళ్లకోసారి రంగులు వేయించుకోవడానికి జగ్గయ్యపేట వస్తాయి. కాగితం మీద ఇంకో పూత కుదరదు, పాతది గీకి తియ్యాల్సిందే. తియ్యబోతే దాంతోపాటు లప్పం కూడా పెచ్చులుగా ఊడొస్తుంది. ఒక గోడైతే ఒక పూట పని. నాలుగు గోడలైతే గది ఖాళీ చేసి కూర్చోవాలి.

పైగా సున్నం చెమ్మని బయటికి వదిలేది. ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం లోపలే పట్టి ఉంచుతుంది. బాత్‌రూమ్‌ని ఆనుకున్న గోడకి, వాన కొట్టే వైపు గోడకి ఎంత మోజున్నా వద్దు. దేవుడి పటాల గోడకీ వద్దు. అక్కడ నూనె, పసుపు, మేకులు తప్పవు.

కాబట్టి గదికి ఒక గోడ. హాలు పెద్దదైనా ఒకటే. కొనేటప్పుడు గోడ కొలత అంగుళాల్లో రాసుకుని వెళ్లండి, డిజైను ఎన్ని అంగుళాలకి తిరిగొస్తుందో అడగండి, రోల్స్ అన్నీ ఒకే బ్యాచ్ నంబరువి తీసుకోండి, లేదంటే రంగులో తేడా వస్తుంది. కొత్తగా కట్టిన గోడైతే అడుగు ముక్క ప్లాస్టిక్ కవరు నాలుగు వైపులా టేపు వేసి అంటించి, మర్నాడు తీసి చూడండి. లోపల చెమర్చి ఉంటే ఇంకా ఆగండి, గృహప్రవేశం ముహూర్తం ముంచుకొస్తున్నా సరే.