అద్దెకున్నవారే మేనేజరైతే

కాలిఫోర్నియాలో 16 లేదా అంతకుమించి ఇళ్లున్న అపార్ట్‌మెంటులో యజమాని కాపురం లేకపోతే, బాధ్యత చూసే మనిషొకరు ఆ ఆవరణలోనే ఉండి తీరాలి. అది రాష్ట్ర నిబంధన. చిన్న భవనాలకు ఆ నిర్బంధం లేకున్నా, అద్దెకున్నవారిలోనే ఒకరికి ఈ పని అప్పగించడం అక్కడ మామూలే. రియల్ ఎస్టేట్ లైసెన్సు అక్కర్లేదు. హైదరాబాద్ సెల్లార్ గదిలో ఉండే వాచ్‌మన్‌తో పోలిక కొంతవరకే: ఖాళీ ఇల్లు చూపించడం, దరఖాస్తులు తీసుకోవడం, అద్దె వసూలు కూడా ఈ మేనేజరు పనులే.

ఎవరిని పెట్టుకోవాలి? అందరితో కలుపుగోలుగా ఉండేవారే ముందు గుర్తొస్తారు. కానీ బాకీపడ్డ పొరుగువారి తలుపు తట్టి మూడు రోజుల నోటీసు ఇవ్వాల్సిందీ మేనేజరే. నిన్న వాళ్లింట్లో భోంచేసిన మనిషికి అది కష్టం. కాస్త ముభావంగా ఉన్నా లెక్క రాసిపెట్టే అలవాటున్నవారే నయం.

తగాదాలు ఎక్కువగా జీతం దగ్గరే. ‘అద్దె వద్దులే, పని చూడు’ అన్న నోటిమాట చట్టం ముందు నిలవదు. మేనేజరు ఉద్యోగి, పనిచేసిన ప్రతి గంటకూ కనీస వేతనం రావాలి. ఇంటిని అందులో జమకట్టాలంటే ఇష్టపూర్వకంగా రాసుకున్న ఒప్పందం ఉండాలి. అప్పుడైనా మామూలు అద్దెలో మూడింట రెండు వంతులు మించరాదు. దానిపైన రాష్ట్రం పెట్టిన గరిష్ఠ పరిమితి మరొకటి. శాన్‌ఫ్రాన్సిస్కో అద్దెల ముందు ఆ పరిమితి చాలా చిన్నది. అందుకే జీతం పూర్తిగా చెక్కుతో ఇచ్చి, అద్దె వేరుగా తీసుకోవడమే చిక్కులేని దారి. ఆ అద్దె కూడా, రాసుకున్న ఒప్పందం ప్రకారం, మార్కెట్ ధరలో మూడింట రెండు వంతులు దాటకూడదు.

గంటల లెక్కపై 1993లో అక్కడి అప్పీలు కోర్టు తీర్పు ఉంది. అర్ధరాత్రి పగిలిన గొట్టం దగ్గర గడిపిన సమయానికి జీతముంది, పిలుపు రావచ్చని ఇంట్లో ఉన్న సమయానికి లేదు. కాబట్టి వారం వారం సంతకంతో గంటల పట్టీ రాయించుకోవాలి.

యజమానులు తేలిగ్గా తీసుకునేది వివక్ష. శాకాహారులకే, ఫలానావారికే అన్న షరతులు మన ఊళ్లలో టూలెట్ బోర్డు పక్కన వినిపిస్తూనే ఉంటాయి. అమెరికాలో 1968 నాటి గృహవసతి చట్టం ప్రకారం జాతి, మతం చూసి ఇల్లు నిరాకరించడం నేరుగా కోర్టుకు దారి. 1988 నుంచి పిల్లలున్నారని కాదనడమూ అంతే. తప్పు ఉద్యోగిదైనా సంస్థ జవాబు చెప్పాల్సిందేనని 2003లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఉద్యోగం ముగిస్తే ఇల్లు ఖాళీ చేయాలా, మామూలు అద్దెదారుగా కొనసాగాలా అన్నది మొదటి రోజే కాగితం మీద ఉండాలి. తాళాల గుత్తి, దరఖాస్తుల ఫైళ్లు మాత్రం పని మానిన రోజే వెనక్కి తీసుకోవాలి.