పక్కన కూచునే విద్య

ఇంటర్ ఫలితాలొస్తే తొర్రూరులాంటి ఊళ్లో ఏదో ఒక ఇంట్లో తలుపు గొళ్లెం పడుతుంది. వాకిట్లో తల్లి కొంగుతో కళ్లొత్తుకుంటుంది, తండ్రి ఎవరితోనూ మాట్లాడడు. అలాంటి ఇంటికి కౌన్సిలింగ్ నేర్చిన ఆశా అక్క వస్తే మార్కుల ఊసెత్తదు. "అన్నం తిన్నవా బిడ్డా?" అంటుంది. జవాబు రాకున్నా తలుపు పక్కనే కూచుంటుంది. ఆ మౌనాన్ని తొందరపడి మాటలతో నింపకపోవడమే, నా దృష్టిలో, ఈ పనిలో అన్నిటికన్నా కష్టం.

పిల్ల గొళ్లెం తీశాక కూడా అక్క నీతులు చెప్పదు. "చచ్చిపోవాలని అనిపిస్తుందా?" అని సూటిగా అడుగుతుంది. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు, దాచుకున్న బరువు దిగుతుంది. తర్వాత తండ్రిని పక్కకు పిలిచి పురుగుమందు డబ్బాలకు తాళం వేయిస్తుంది. పత్తి, మిర్చి పండించే ఇళ్లలో ఇది చిన్న జాగ్రత్త కాదు.

2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌లో రాత్రయినా పగలైనా తెలుగులో ఉచితంగా మాట్లాడొచ్చు. ఆ నంబరు, 14416, పిల్ల నోటుపుస్తకం అట్ట లోపల రాసిస్తుంది. రేపు మళ్లొస్తనని చెప్పి, వస్తుంది.