ఇంటి కంప్యూటరా, క్లౌడా? – వీడియోలను పెంచు సాధనముల గుణదోష విచారణ

పాత వీడియో టేపులలోని మసక బొమ్మలను పెద్దవిగను, స్పష్టముగను చేసి యిచ్చు కృత్రిమ మేధా సాధనములు నేడు రెండు తెగలుగా లభించుచున్నవి. మొదటి తెగవి మన బల్లమీది కంప్యూటరులోనే పెట్టుకొని నడపుకొనునవి. అమెరికాలోని టోపాజ్ ల్యాబ్స్ సంస్థ అమ్ము సాధనము వీనిలో పేరుపొందినది. వీడియో2ఎక్స్ వంటివి ఉచితముగనే దొరకును. రెండవ తెగవి మన వీడియోను ఇంటర్నెట్ ద్వారా స్వీకరించి, ఎక్కడనో ఉన్న పెద్ద కంప్యూటర్లపై సంస్కరించి తిరిగి పంపునవి. వీనినే క్లౌడ్ సాధనము లనుచున్నారు. ఈ రెంటిలో ఏది మేలని అడుగువారికి ధరల పట్టికయు, వేగముల పట్టికయు చూపి ఊరకుండుట పరిపాటి యైనది. అవియు కావలసినవే గాని, అసలు సంగతి వానిలో లేదు. సాధనము బొమ్మను ఏమి చేయుచున్నదో తెలిసినగాని, ఆ పనిని ఎక్కడ చేయించవలెనో తేలదు.

ఒక లెక్క చూతము. మన దేశమున 1990 ప్రాంతమున తీసిన పెండ్లి క్యాసెట్లు పాల్ పద్ధతివి. అట్టి టేపును డిజిటల్ రూపమునకు మార్చినపుడు ఒక్కొక్క ఫ్రేములో అడ్డముగ 720, నిలువుగ 576, మొత్తము 4,14,720 పిక్సెళ్ళు, అనగా చిత్రబిందువులు, ఉండును. దీనిని నేటి 4కె తెరకు పెంచినచో, ప్రక్కలనుండు నల్లని అంచులు పోగా, బొమ్మ 2880 అడ్డము, 2160 నిలువు, మొత్తము 62,20,800 పిక్సెళ్ళగును. ఇది సరిగా 15 రెట్లు. టేపునుండి వచ్చిన బిందువు ఒకటైనచో, సాధనము తన యొద్దనుండి 14 చేర్చవలెను. ఆ ఒక్కటియు నిండు బిందువు కాదు. వి.హెచ్.యస్. టేపు అడ్డముగ సుమారు 240 గీతల సూక్ష్మతను మాత్రమే నిలుపగలదు. రంగుల విషయములో అంతకంటె చాల తక్కువ.

మిగిలిన 14 ఎక్కడనుండి వచ్చును? పూర్వపు పద్ధతిలో ఇరుగు పొరుగు బిందువులను చూచి, వాని నడుమ విలువలతో ఖాళీలను నింపెడివారు. బొమ్మ పెద్దదగును గాని మసక పోదు. అది నిజాయితీగల మసక. 2014లో చావ్ డాంగ్ ప్రభృతులు ఈ పనిని న్యూరల్ నెట్‌వర్కుచే చేయించి చూపిరి. స్పష్టమైన బొమ్మలను బుద్ధిపూర్వకముగ చిన్నవి చేసి, వానినుండి మరల మొదటి రూపమును తెప్పించుటకు నెట్‌వర్కునకు అభ్యాసము చేయించుటయే ఇందలి సూత్రము. 2018లో వచ్చిన ఈ.యస్.ఆర్.గాన్ పద్ధతిలో ఒక నెట్‌వర్కు వివరములను కల్పించుచుండగా, రెండవది వానిని చూచి 'ఇది నిజమైన బొమ్మయా, కల్పితమా' అని పరీక్షించుచుండును. ఆ పరీక్షకుని మోసగించుటయే మొదటిదాని విద్య! 2021 నాటి రియల్-ఈ.యస్.ఆర్.గాన్ ఇదే విద్యను నలిగిన, చెడిన బొమ్మలకు అన్వయించినది.

కావున ఇట్టి సాధనము 'ఇట్లుండెను' అని చెప్పుట లేదు. 'ఇట్లుండవచ్చును' అని చెప్పుచున్నది. గోడ యిటుకలకును, చెట్టు ఆకులకును ఈ భేదము పట్టింపునకు రాదు. ముఖములకు వచ్చును. 2020లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమువారి 'పల్స్' అను సాధనమునకు ఒబామాగారి మసక ముఖము నిచ్చినపుడు, అది ఒక తెల్లజాతి పురుషుని ముఖమును తీర్చి చూపెను. నలుగురును నవ్వుకొనిరి, పిదప వాదించుకొనిరి. మన క్యాసెట్టులో ముప్పది పిక్సెళ్ళ వెడల్పున కనుపించు అమ్మమ్మగారి ముఖమునకు ఇట్లు జరిగినచో, ఆమెను ఎరిగినవారు తప్ప వేరొకరు పోల్చలేరు. వారు లేని కాలమున ఆ కల్పిత ముఖమే ఆమె ముఖమై నిలుచును.

లూమియేర్ సోదరులు 1896లో ప్రదర్శించిన రైలుబండి చిత్రమును 2020లో డెనిస్ షిర్యాయెవ్ అనునాతడు ఇంటి కంప్యూటరుకు అందుబాటులో నుండు సాధనములతోనే 4కె పరిమాణమునకు పెంచి, సెకనుకు 60 ఫ్రేములు చేసెను. సెకనుకు 16 ప్రాంతముననున్న ఫ్రేములు 60 అగుటకై, నడుమనున్నవన్నియు కంప్యూటరు గీచినవే. చూడముచ్చటైన పని అది. చరిత్రకు పత్రముగా మాత్రము పనికిరాదు. ఇక ధనబలము సమృద్ధిగా నున్నవారి సంగతి చూడుడు. జేమ్స్ కామెరాన్ తీసిన 'ఏలియన్స్', 'ట్రూ లైస్' చిత్రములు 2024లో 4కె డిస్కులుగా వెలువడినపుడు, నటుల చర్మము మైనపు బొమ్మలవలె నున్నదని పలువురు ఆక్షేపించిరి. పెద్ద యంత్రములచేతను, అనుభవజ్ఞుల పర్యవేక్షణచేతను ఈ దోషము తొలగిపోదని దీనివలన తెలియుచున్నది.

ఇపుడు ఇంటి కంప్యూటరు పక్షమును చూతము. పాల్ టేపులో సెకనుకు 25 ఫ్రేములు. మూడు గంటల పెండ్లి క్యాసెట్టులో 2,70,000. మన గ్రాఫిక్స్ కార్డు సెకనుకు 2 ఫ్రేములను పెంచగలదనుకొన్నచో పని ముగియుటకు 37 గంటల 30 నిమిషములు పట్టును. కంప్యూటరు 500 వాట్లు వాడుచున్నచో సుమారు 19 యూనిట్ల విద్యుత్తు ఖర్చగును. ఇది పెద్ద ఖర్చు కాదు. అసలు ఖర్చు గ్రాఫిక్స్ కార్డుది. ఒక్క క్యాసెట్టు కొరకు దానిని కొనుట అవివేకము. కాని వీడియో చిత్రణ వృత్తిగా గలవారికిని, మంచి కార్డు ఇదివరకే ఉన్నవారికిని ఇంటి సాధనమునందు ఒక గొప్ప సౌకర్యము కలదు. పది సెకనుల తునకను పదిమారులు పది విధములుగా పెంచి చూచినను అడుగువారుండరు. ఏ నమూనాతో, ఏ మోతాదులో చేసితిమో వ్రాసి యుంచుకొనవచ్చును. ఇంటివారి బొమ్మలు ఇల్లు దాటవు. ఉచిత సాధనములలో కొన్ని ఒక్కొక్క ఫ్రేమును విడివిడిగా పెంచుటచే, చీర అంచులును, పూలదండలును మిణుకుమిణుకుమని కదలాడుట కలదు. వీడియోకై ప్రత్యేకించి చేసిన నమూనాలలో ఇది తక్కువ. 'కొనుక్కున్నది మన సొంతము' అను వాదము మాత్రము నేడు పూర్తిగా నిలువదు. టోపాజ్ సంస్థ 2025లో శాశ్వతపు అనుమతుల అమ్మకమును మాని చందా పద్ధతికి మారినది.

క్లౌడ్ పక్షమున మొదటి ఆటంకము మోతయే. అదే మూడు గంటల క్యాసెట్టు డి.వి. రూపములో సుమారు 39 గిగాబైట్లుండును. సెకనుకు 20 మెగాబిట్ల వేగముతో పంపుటకే 4 గంటల 20 నిమిషములు పట్టును. ఈ బాధ పడలేక చాలమంది వీడియోను కుదించి పంపుదురు. కుదింపువలన పుట్టిన చదరపు మచ్చలను సాధనము వివరములని భ్రమించి మరింత తీర్చిదిద్దును. పైగా నిమిషమునకింత అని రుసుము; నచ్చక మరల చేయించినచో మరల రుసుము. నేడు వాడిన నమూనా ఆరునెలల తరువాత అక్కడ ఉండునన్న హామీ లేదు. క్రొత్తది పెట్టినను మనకు చెప్పవలెనను నియమమును లేదు.

అయినను క్లౌడునకు ఒక నిజమైన బలము కలదు: ఇంటి కార్డులో పట్టని నమూనాలు అక్కడ నడచును. టోపాజ్ వారే 2025 ఫిబ్రవరిలో 'స్టార్‌లైట్' అను క్రొత్త నమూనాను మొదట క్లౌడులోనే ప్రవేశపెట్టి, అదే సంవత్సరము దాని చిన్న రూపమును ఇంటి కంప్యూటర్లకు ఇచ్చిరి. ఇది డిఫ్యూజన్ జాతికి చెందినది; శూన్యమునుండి బొమ్మలు గీయు యంత్రములకు దాయాది. మిక్కిలి చెడిన టేపులను సైతము కంటికి ఇంపుగా చేయును. ఇచటనే వినియోగదారుడు జాగ్రత్త పడవలెను. నమూనా ఎంత పెద్దదైన దాని ఊహాశక్తి అంత బలమైనది. క్లౌడునకు చెల్లించు అదనపు రుసుములో కొంత వేగమునకు, కొంత కల్పనకు. ప్రకటనలలో ఈ రెండవ భాగమును 'పునరుద్ధరణ' అని పిలుచుట నాకు సమ్మతము కాదు.

దీనికి న్యాయస్థానములో ఒక తార్కాణము కలదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున 2021లో జరిగిన కాల్పుల కేసులో, ప్రతివాది పక్షమువారు ఒక ఫోను వీడియోను టోపాజ్ సాధనముతో పెంచి సాక్ష్యముగా పెట్టజూచిరి. 2024లో కింగ్ కౌంటీ న్యాయమూర్తి దానిని నిరాకరించెను. ఆ సాధనము పనిచేయు తీరు బయటకు కనుపించనిదనియు, నేరపరిశోధనలో వీడియోలను పరీక్షించు నిపుణులు దానిని అంగీకరించలేదనియు, అది చూపునది యంత్రము ఉండవలెనని తలచినదే గాని ఉన్నది కాదనియు ఆయన అభిప్రాయము. ఆ పని ఇంటి కంప్యూటరుపై జరిగినదా, క్లౌడులో జరిగినదా అను ప్రశ్న అక్కడ ప్రధానము కానేలేదు.

మన 'మాయాబజార్' 1957 నాటిది. 2010లో దానికి హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ సంస్థవారు రంగులద్దిరి. ఆ రంగులు మనుష్యులు కూర్చుండి నిశ్చయించినవి. ప్రేక్షకులును రంగుల ప్రతిని చూచుచున్నామని ఎరిగియే చూచిరి. నచ్చనివారు నలుపు తెలుపు ప్రతినే మెచ్చుకొనిరి. పెండ్లి క్యాసెట్టు పెంచి యిచ్చు దుకాణదారుడు, 'ఈ ముఖములో ఇంత భాగము యంత్రము గీచినది' అని చీటీ వ్రాసి యిచ్చుట లేదు.

కావున ముఖములు ముఖ్యమైన చోట ఇంటి సాధనమునే, అదియు తక్కువ మోతాదులో, 4కెకు పోక 1080 గీతలవద్ద ఆపి వాడుట మేలని నా అభిప్రాయము. కార్డు లేనివారు ముఖములు తక్కువగా గల ఊరేగింపు, తోట, గుడి దృశ్యములను క్లౌడునకు పంపవచ్చును. ఏ పక్షమైనను పెంచుటకు ముందు టేపులోని సరి, బేసి గీతలను వేరుచేసి పూర్తి ఫ్రేములుగా మార్చుకొనవలెను. ఎఫ్.ఎఫ్.ఎమ్.పెగ్ అను ఉచిత సాధనము దీనికి చాలును. ఈ మెట్టును విడిచినచో ఎంత ఖరీదైన నమూనాయైనను దువ్వెన పండ్లవంటి అంచులనే పెంచి యిచ్చును.

తొందర పడవలసినది మాత్రము మరొక చోట. వి.హెచ్.యస్. యంత్రములు చేయుచుండిన చివరి సంస్థయగు జపాను ఫునాయి 2016 జూలైతో వాని తయారీని ఆపివేసినది. పనిచేయుచున్న ప్లేయర్లు ఏటేట తగ్గుచున్నవి. టేపులకు బూజు పట్టుచున్నది. పెంచు పనిని అయిదేండ్ల తరువాత నైనను చేయవచ్చును, అప్పటికి మంచి సాధనములును రావచ్చును. టేపును శుభ్రముగ నడపి, కుదింపు లేని ప్రతిని రెండు హార్డుడిస్కులలో దాచుకొను పని ఈ సంవత్సరమే కావలెను.