యంత్రము చదువగల పరిశోధన పత్రము

ప్రయోగము ముగిసినంత మాత్రమున శాస్త్రజ్ఞుని పని ముగియదు. కనుగొన్న దానిని వ్రాసి, పత్రికకు పంపి, తోడి శాస్త్రజ్ఞుల పరీక్షకు నిలుపవలెను. నేడు ఈ పంపుట కంప్యూటరు ద్వారా జరుగుచున్నది. అయితే పంపబడు పత్రములన్నియు ఒక తీరువి కావు. పి.డి.ఎఫ్. రూపములోని పత్రము అచ్చుపుటకు ఛాయాచిత్రము వంటిది. మన కంటికి చక్కగా కనబడును గాని, అందలి ఏ అంకె దేనిని తెలుపుచున్నదో యంత్రమునకు తెలియదు. మరికొన్నింటిలో ప్రతి అంకెకును దాని పేరు జతపరచబడి యుండును. ఈ రెండవ పద్ధతి వలన మేలెంత, ఆ మేలునకు హద్దు ఎక్కడ అన్నది విచారింపదగిన విషయము.

స్ఫటిక విజ్ఞానము ఇందుకు మంచి ఉదాహరణము. స్ఫటికముపై ఎక్స్-కిరణములను ప్రసరింపజేసి, అవి చెదరిన తీరును బట్టి పరమాణువుల అమరికను లెక్కకట్టుదురు. ఒక్కొక్క నిర్మాణమునకు వందల అంకెలు వచ్చును. పూర్వము వీనిని పట్టికలుగా అచ్చువేసెడివారు. ఒక్క అంకె తారుమారైనచో పరమాణువు స్థానమే మారిపోవును. ఈ చిక్కును తొలగించుటకై హాల్, ఆలెన్, బ్రౌన్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు 1991లో ‘సిఫ్’ అను ఫైలు రూపమును ప్రకటించిరి. అంతర్జాతీయ స్ఫటిక విజ్ఞాన సంఘము దానిని తన పత్రికలలో అమలుపరచినది.

దాని ఏర్పాటు సులభము: మొదట పేరు, తరువాత విలువ. మనము తిను ఉప్పునే తీసికొందము. దాని స్ఫటికములో ఘనాకారపు యూనిట్ సెల్ అంచు సుమారు 5.64 ఆంగ్‌స్ట్రాములు. ఫైలులో ‘_సెల్_లెంగ్త్_ఎ’ అను పేరు ప్రక్కన 5.640(1) అని యున్నచో, కుండలీకరణములోని 1 చివరి స్థానములోని అనిశ్చితిని తెలుపును. యూనిటు ఏదో సిఫ్ నిఘంటువు ముందే నిర్ణయించినది. షెల్‌ఎక్స్‌ఎల్ వంటి లెక్కల ప్రోగ్రాములు ఈ ఫైలును తామే తయారుచేయును. కావున తిరిగి వ్రాయుటలో దొర్లు తప్పులకు తావు తక్కువ. ‘చెక్‌సిఫ్’ అను మరియొక ప్రోగ్రాము దానిని చదివి, అంకెలు ఒకదానితో నొకటి పొసగని చోట హెచ్చరించును.

మరి, ఇది మోసమును ఆపగలదా? 2010 జనవరిలో ‘ఆక్టా క్రిస్టలోగ్రాఫికా’ ఇ-విభాగము, చైనాలోని జిన్‌గాంగ్‌షాన్ విశ్వవిద్యాలయము నుండి వచ్చిన కనీసము 70 నిర్మాణములు కల్పితములని ప్రకటించినది. ఒకే ప్రయోగపు కొలతలను ఉంచుకొని, పరమాణువులను మాత్రము మార్చి, క్రొత్త పదార్థములుగా చూపిరి. చెక్‌సిఫ్ ఉండగనే అవి అచ్చైనవి. ఇది ఈ పద్ధతిలోని లోపమే. రూపము సరిగానున్నంత మాత్రమున సారము సత్యము కాజాలదు. కాని మోసము బయటపడినదియు ఆ ఫైళ్ల వలననే. మూలపు కొలతలు కూడ పత్రికకు సమర్పింపబడి యుండుటచే వానిని ప్రక్కప్రక్కన ఉంచి పోల్చుట సాధ్యమైనది. కాగితముపై పట్టికలు మాత్రమే యున్నచో ఈ గుట్టు ఎన్నడు రట్టగునో ఎవరు చెప్పగలరు?

ఇతర శాస్త్రములలో స్థితి ఇంత మెరుగుగా లేదు. వైద్య, జీవశాస్త్ర పత్రికలు వాడు ‘జాట్స్’ అను రూపము 2012లో అమెరికాలో ప్రమాణముగా వెలువడినది. శీర్షిక ఏది, రచయిత ఎవరు, ఉపయుక్త గ్రంథములేవి అని అది యంత్రమునకు చెప్పును. పట్టికలోని అంకె జ్వరమో, బరువో చెప్పదు. పైగా ఈ గుర్తులను తరచుగా రచయిత గాక, పత్రము అంగీకరింపబడిన పిమ్మట ప్రచురణకర్తల సిబ్బంది తగిలింతురు. అనగా అవయవములకు పేర్లు పెట్టినారు గాని, ప్రాణమైన అంకెలను విడిచిపెట్టినారు. అన్ని శాస్త్రములకు సిఫ్ వంటిది కుదరదన్న మాటలో కొంత నిజము కలదు. స్ఫటికములలో కొలువవలసినవి ప్రతి పత్రమునను దాదాపు ఒకటే. అడవిలో పక్షులను లెక్కించువానికి అట్టి వీలు లేదు. అయినను, కొలత తీసిన చోటనే దానికి పేరు పెట్టవలెనన్న సూత్రము అందరికిని వర్తించును.

పత్రికలు తమ సౌకర్యమునకై కోరు రూపము రచయితకు భారము మాత్రమే. ఇతరులు సరిచూచుటకు వీలు కల్పించు రూపము శాస్త్రమునకు బలము. ఈ అలవాటు బడిలోనే మొదలు కావలెను. విద్యార్థి ప్రయోగశాల రికార్డులో పేరు, విలువ, యూనిటు, అనిశ్చితి నాలుగును ఉన్నవా యని ఉపాధ్యాయులు చూడవలెను. అందుకు కంప్యూటరు అక్కరలేదు. ఒక పెన్సిలు చాలును.