కందిచేను గట్టు మీద కెమెరా

బంట్వారం మనిషికి పిట్టల కోసం దూరం పోవలసిన పని లేదు. ఇటు ఎర్రనేల, అటు నల్లరేగడి, తాండూరు దిక్కున నాపరాయి గనులు, దగ్గర్లోనే కోట్‌పల్లి ప్రాజెక్టు, ఆ పైన అనంతగిరి అడవి. నేల మారిన చోటల్లా పిట్టలూ మారతాయి. అయినా కొత్తగా కెమెరా కొన్నవాళ్లు ముందు భరత్‌పూర్‌కో, పులికాట్‌కో బయలుదేరతారు. సొంత ఊరి పిట్టను పోల్చుకోవడం రానివాళ్లు అంత దూరం పోయి తెచ్చుకునేది అందమైన బొమ్మలు మాత్రమేనని నా అభిప్రాయం.

ఈ ప్రాంతం నిజాం రాజ్యంలో ఉన్నప్పుడే ఆ రాజ్యంలోని పక్షుల లెక్క తీశారు. 1931-32లో సలీం అలీ హైదరాబాద్ సంస్థానం పక్షుల సర్వే చేస్తే, ఆ ఫలితాలు బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. ఆనాటి పద్ధతి వేరు. పిట్టను తుపాకీతో కొట్టి, చర్మం ఒలిచి, కొలతలు తీసి, చోటూ తేదీ రాసిన చీటీని కాలికి కట్టి దాచేవారు. ఇవాళ ఆ పని ప్రాణం తీయకుండా కెమెరా చేస్తుంది. అయితే ఆ చీటీ మీద ఉండే వివరాలు ఫొటోకూ ఉండాలి. ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తుండగా తీశామో రాసి పెట్టని ఫొటో ఎంత బాగున్నా పక్షిశాస్త్రానికి అక్కరకు రాదు.

పోల్చుకోవడంలో చాలామంది మొదట రంగు చూస్తారు. రంగును అన్నిటికన్నా చివర్లో చూడాలి, ఎందుకంటే ఎండను బట్టి అది మోసం చేస్తుంది. పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా అన్నది ముందు తేల్చుకోవాలి. తర్వాత ముక్కు, కాళ్లు, తోక, కూర్చునే తీరు. చెరువులో తెల్లకొంగలనే చూడండి. అన్నీ తెలుపే. ముక్కు నల్లగా, కాళ్లు నల్లగా ఉండి పాదాలు మాత్రం పసుపుపచ్చగా ఉంటే చిన్న తెల్లకొంగ. పశువుల వెంట తిరిగేది, పొట్టి పసుపు ముక్కుది గొడ్లకొంగ. పెద్ద తెల్లకొంగకు నోటిచీలిక కన్ను దాటి వెనక్కి పోతుంది. మధ్యరకం కొంగకు కంటి కిందే ఆగిపోతుంది. ఆ గీత కనిపించాలంటే కొంగను పక్కనుంచి, తల నిలకడగా ఉన్నప్పుడు తీయాలి. తెల్లటి ఒంటి మీద ఎండ పడితే ఈకల గీతలన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఎక్స్‌పోజర్ కొంత తగ్గించాలి.

తీతువులూ ఇంతే. నీళ్ల దగ్గర అరిచి గోల చేసేదానికి కంటి ముందు ఎర్రతోలు, గొంతూ రొమ్మూ నలుపు. నీళ్లకు దూరంగా, రాళ్లు తేలిన బీడులో తిరిగేదానికి ఆ తోలు పసుపు, నడినెత్తి నలుపు. కాళ్లు మాత్రం రెండింటికీ పసుపే కాబట్టి కాళ్లొక్కటే చూసి తేల్చేయకూడదు.

చలికాలంలో మోమిన్‌పేట దగ్గరి ఎన్కతల గడ్డిమైదానాలకు వచ్చే పిల్లిగద్దలతో అసలు చదువు మొదలవుతుంది. అవి ఎక్కడో ఉత్తరాన గుడ్లు పెట్టి, చలి తప్పించుకోవడానికి దక్కను గడ్డిభూముల మీదికి వస్తాయి. మాంటేగ్యు పిల్లిగద్ద పోతుకు రెక్క మీద అడ్డంగా నల్లచార ఉంటుంది. పాలిడ్ పిల్లిగద్ద పోతు ఇంకా తెల్లగా ఉండి, రెక్క కొసన నలుపు సన్నటి మేకులా కనిపిస్తుంది. పెట్టలను విడదీయడం నిపుణులకే కష్టం. అందుకే ఎగురుతున్నప్పుడు వరసగా తీయాలి, రెక్క పైభాగం, కిందిభాగం, మొహం మూడూ రావాలి. షట్టర్ సెకనులో 1500వ వంతు కన్నా నిదానంగా ఉంటే రెక్క అలికినట్టే వస్తుంది. వాలిన పిట్టకు 500వ వంతు చాలు.

తాండూరు కంది గురించి అందరికీ తెలుసు. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ కందిలో శనగపచ్చ పురుగు కోసం పక్షి స్థావరాలు పెట్టమని వ్యవసాయాధికారులు చెబుతుంటారు. టి ఆకారంలో పాతిన ఆ కర్రల మీద ఎట్రింతలు, పాలపిట్టలు వాలి పురుగులను ఏరుకుని తింటాయి. ఫొటో తీసేవాళ్లకు ఇంతకన్నా మంచి తావు దొరకదు. పొద్దున ఎండ మన వీపున పడేలా, కర్రకు పడమట కాకుండా తూర్పు పక్కన, మొక్కల చాటున కూర్చోవాలి. పిట్ట తనంతట తానే వస్తుంది. కూర్చున్న పాలపిట్ట రొమ్ము గోధుమరంగులో ఉంటుంది. నీలం చూడాలంటే అది రెక్క విప్పేదాకా ఓపిక పట్టాలి.

ఆ పిట్టనే దసరా రోజు పంజరంలో పెట్టి చూపించి డబ్బులు అడగడం హైదరాబాద్ వీధుల్లో జరుగుతూ వచ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. మన రాష్ట్ర పక్షి పాలపిట్టను చేనులో ఎగురుతుండగా చూస్తేనే పండుగ. అలాగే గూటి దగ్గరకు పోయి ఫొటో తీయడం, రికార్డు చేసిన కూత వినిపించి పిట్టను రప్పించడం తప్పు. గుడ్లు వదిలి తల్లి లేచిపోతే ఎండకూ కాకులకూ అవి బలి.

ఒక విషయం మాత్రం మరువరాదు. పిట్టల జాడ ముందు తెలిసేది గొర్లకాపరికి, చేనుకాపలా మనిషికి. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో దొరికిందంటే, దాన్ని ఎరిగిన స్థానికుల సాయం ఉండబట్టే. ఊళ్లో పిట్టను ఏమని పిలుస్తారో, ఏ కార్తెలో కనబడుతుందో అడిగి ఫొటో పక్కన రాసుకోవాలి.

ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతా ఇంటి చుట్టుపక్కల పిట్టలను లెక్కిస్తుంది; మన దేశం 2013 నుంచి అందులో ఉంది. 15 నిమిషాలు ఒకచోట నిలబడి చూసినవి రాసి ఈబర్డ్ వెబ్‌సైట్‌లో చేర్చితే చాలు. ఈసారి మీ చేను గట్టు మీది పిట్టల పేర్లు కూడా ఆ లెక్కలో చేర్చండి.