అమాయకుని పెండ్లి

“పిచ్చి కుదిరితేగాని పెండ్లి కాదు; పెండ్లి అయితేగాని పిచ్చి కుదరదు” అను సామెతను మనవారు నవ్వుటకు చెప్పుదురు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో కొన్ని యిండ్ల కిది నవ్వుమాట కాదు, ఆచరణము. బుద్ధి నిదానముగా వికసించిన కుమారునకు మేనకోడలినో, కట్నమీయజాలని పేదవాని కూతురినో తెచ్చి ముడివైచిన కుదురుకొనునని పెద్దల యాశ. ఇందు ఆ యిరువురి యిష్టము నడుగువారు లేరు. బుద్ధిమాంద్యము ఉన్మాదము కాదు. మందుతో గాని మంగళసూత్రముతో గాని మానెడి రోగమును కాదు.

ఈ యాశకు మన వెండితెరపై లభించిన గొప్ప రూపము కె. విశ్వనాథ్ గారు 1986లో తీసిన ‘స్వాతిముత్యం’. ఆ యేట ఆస్కారు బహుమానమునకై భారతదేశము పంపిన చిత్రమిది. నేటికిని మన యిండ్లలో దీనిని ప్రీతితో చూచుచున్నారు. కావుననే దీనిని విమర్శింప పూనుకొంటిమి.

ముందు గుణము చెప్పుదము. కమల్ హాసన్ ధరించిన శివయ్య పాత్రను దర్శకుడు పరిహాసమునకై పుట్టింపలేదు. అతనికి భార్యను, బిడ్డను, చేయుటకు పనిని, మనుమలతో కూడిన వార్ధక్యమును ఇచ్చెను. బుద్ధిమాంద్యము గలవాడు కడవరకు పసిబిడ్డయే యను భ్రమను ఈ చిత్రము ధైర్యముగా కాదనినది. లలిత క్రమముగా అతనిని తన మనసుతో స్వీకరించుట ఇందు మిక్కిలి యందమైన భాగము.

కాని మొదటి ముడి యెట్లు పడినది? శ్రీరామనవమినాడు, సీతారాముల కల్యాణవేళ, శివయ్య మంగళసూత్రము గైకొని వితంతువైన లలిత మెడలో కట్టును. ఆమెను అడుగడు. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు వితంతు వివాహమునకు పూనుకొన్న నాటినుండి మన సంస్కరణమునకు ప్రాణమేది? స్త్రీ తన బ్రతుకును తాను ఎన్నుకొనుటయే గదా! అది లేని తాళి, కట్టినవాడెంత నిష్కల్మషుడైనను, నిర్బంధమే. పిదప కలిగిన యనురాగము మొదటి తప్పును ఒప్పుగా చేయజాలదు.

శివయ్యకును న్యాయము జరుగలేదు. అతడు కోరి పెండ్లాడలేదు. ఒకరి కష్టము విని తీర్పబోయెను. అమాయకత్వమే యతనికి అర్హతయైనది, వలపు కాదు. కోరిక యున్నచో ప్రేక్షకుడు జంకునని కాబోలు, అతనిని దేవునికి దగ్గరగా నిలిపిరి.

ఈ చూపు ఆదోనివారికి క్రొత్త కాదు. తిక్క లక్ష్మమ్మయని జనులు పిలిచిన యామెయే లక్ష్మమ్మ అవ్వయై నేడు గుడిలో పూజలందుకొనుచున్నది. ఆమె మహిమను మేము విచారింపము. ఆమెకు బుద్ధిమాంద్యమనియు చెప్పము. మేము చూచునది జనుల తీరు. తిక్క యన్న మాటకు మనము రెండే తావులుంచితిమి: ఎగతాళికి వీథి, మ్రొక్కుటకు గుడి. నడుమనున్న యింటిని, అందలి స్నేహమును, అలుకను, వలపును మఱచితిమి.

శివయ్య స్థానమున ఒక యాడుబిడ్డను ఉంచి చూడుడు. ఆమె తాళి యడిగినచో కథ కరుణరసముగా నుండునా? లోకము ఆమెకు గదితలుపు వేయును. 2009లో ఇట్టి యువతి యొకతె ప్రభుత్వ గృహమున నుండగా బలాత్కారమునకు లోనై గర్భవతి కాగా, అధికారులు గర్భము తీయింపబోయిరి. ఆమె బిడ్డను కోరినది. ఆమె యనుమతి లేక అట్లు చేయరాదని సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. 1955 నాటి హిందూ వివాహ చట్టము జడులకు పెండ్లి కూడదనెను. 1976లో ఆ మాటను తీసివేసి, సమ్మతి నీయగల శక్తిని ముఖ్యముగా చూచిరి. అనుమతి లేక సంతానశక్తిని నశింపజేయు చికిత్స కూడదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము చెప్పినది. చట్టము అడుగుట నేర్చినది; ఇల్లు ఇంకను నేర్వవలసియున్నది.

నేర్చుట అసాధ్యము కాదు. ఎమ్మిగనూరు మగ్గపుటిండ్లలో అట్టి బిడ్డకు కండెలు చుట్టుట నేర్పుటకు తల్లి నెలల తరబడి ఓర్చును. ఆ యోర్పులో సగమైనను, “నీకెవరితో కూర్చుండ నిష్టము? ఎవరు ముట్టిన నీకు గిట్టదు?” అని యడుగుటకు చాలును. ‘కాదు’ అనుట నేర్పని బిడ్డ పలికిన ‘ఔను’నకు విలువ యేమి?

చదువరులారా! ‘స్వాతిముత్యం’ మరల చూడుడు. కన్నీరు వచ్చిన రానిండు. కాని తాళి కట్టు ఘట్టమున ప్రక్కనున్న పిల్లలను ఒక్కమాట యడుగుడు: లలితను ఎవరైన నడిగిరా? శివయ్యను అడిగిరా?